బయట ఫ్యామిలీ ఫొటోలు: పొద్దున మేలా, సాయంత్రం మేలా?

ఇంటిల్లిపాదీ బయట ఫొటోలు తీయించుకుందాం అనుకోగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ?" అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న, మొదటిది "ఎప్పుడు?". టైమ్ కుదిరితే మామూలు గోడ ముందు నిలబడినా ఫొటో బాగా వస్తుంది, కుదరకపోతే ఎంత అందమైన చోటికి వెళ్లినా కళ్లు చిట్లించుకున్న మొహాలే మిగులుతాయి. అందుకని చోటు సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు ఈ పూటల పంచాయితీ తేల్చుకుందాం.

సూర్యుడు దిగంతానికి దగ్గరగా, సుమారు 6 డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నప్పుడు వచ్చే వెలుతురునే ఫొటోగ్రాఫర్లు గోల్డెన్ అవర్ అంటారు. ఆ టైమ్‌లో వెలుతురు మన దాకా రావడానికి చాలా మందమైన గాలిపొరను దాటుకుని రావాలి, దారిలో నీలం రంగు చెదిరిపోయి పసుపు, నారింజ ఛాయలు మిగులుతాయి. పైగా ఎండ నడినెత్తి నుంచి కాకుండా పక్క నుంచి పడుతుంది కాబట్టి కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు ఉండవు. ఇదంతా రెండు పూటలా ఒకటే, తీసిన ఫొటో చూసి పొద్దున్నదో సాయంత్రానిదో చెప్పడం చాలాసార్లు కష్టం. కాబట్టి తేల్చాల్సింది వెలుతురు గురించి కాదు, మీ ఇంట్లో మనుషుల గురించి.

పొద్దున పూట లాభాలు చాలానే ఉన్నాయి. జనం ఉండరు, గాలి సాధారణంగా తక్కువగా ఉంటుంది కాబట్టి జుట్టు మొహం మీదికి ఎగరదు, చిన్నపిల్లలు నిద్ర తీరి హుషారుగా ఉంటారు. కానీ సూర్యోదయానికల్లా అక్కడ ఉండాలంటే అంతకు ఎంత ముందు లేవాలో, ఎంతమందిని తయారుచేయాలో ఒకసారి ఊహించుకోండి. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యలకీ అమ్మమ్మలకీ తెల్లవారుజామున కీళ్లు పట్టేసి ఉంటాయి, గడ్డి మీద మంచు ఉంటే కూర్చునే ఫొటోల ఆశ వదులుకోవాలి, నిద్ర కళ్లతో ఉబ్బిన మొహాలు కూడా ఉంటాయి (టీనేజ్ పిల్లలున్న ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు).

సాయంత్రంలో ఉన్న అసలు సుఖం ఏమిటంటే వెలుతురు పోనుపోను మెత్తబడుతుంది. ఎండ ఇంకా కాస్త ఉండగానే వెళ్లి, నీడలో గ్రూప్ ఫొటోలు కానిచ్చేసి, అందరి బిడియం పోయాక, సరిగ్గా వెలుతురు బంగారు రంగుకి తిరిగే వేళకి బాగా నవ్వే మూడ్‌లో ఉంటారు. పొద్దున దీనికి పూర్తిగా రివర్స్: అందరూ బిగుసుకుపోయి నిలబడిన మొదటి పది నిమిషాల్లోనే మంచి వెలుతురు చాలావరకు కరిగిపోతుంది, తీరా కుదురుకునేసరికి ఎండ ముదురుతుంది.

సాయంత్రానికి ఒక పెద్ద రిస్క్ ఉంది, ఆలస్యం. సూర్యుడు ఆకాశంలో గంటకి 15 డిగ్రీలు కదులుతాడు, భూమధ్యరేఖకి దగ్గర ప్రాంతాల్లో దాదాపు నిటారుగా కిందికి దిగుతాడు కాబట్టి ఆ 6 డిగ్రీలూ దిగడానికి అరగంట కూడా పట్టదు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఏటవాలుగా దిగుతాడు, అక్కడ వేసవిలో ఇదే వెలుతురు గంటకి పైగా కూడా దొరకొచ్చు. కాబట్టి ఎప్పుడూ చెప్పిన టైమ్‌కి కదలని కుటుంబమైతే సాయంత్రం పెట్టుకోవడం జూదమే. పొద్దున ఆలస్యమైతే ఎండ ఎక్కువవుతుంది, నీడలోకి జరిగి పని నడిపించొచ్చు. సాయంత్రం ఆలస్యమైతే చీకటి, దానికి మందు లేదు.

నా ఓటు సాయంత్రానికే, కాకపోతే ఇంట్లో మూడేళ్ల లోపు పిల్ల గానీ పిల్లాడు గానీ ఉంటే మాత్రం పొద్దున. సాయంత్రానికి అలసిపోయిన చంటిపిల్లని నవ్వించడం ఏ ఫొటోగ్రాఫర్ వల్లా కాదు, ఆ టెన్షన్‌లో పెద్దవాళ్ల మొహాలు కూడా బిగుసుకుపోతాయి. పిల్ల మధ్యాహ్నం బాగా పడుకునే అలవాటు ఉంటే అప్పుడు మళ్లీ సాయంత్రమే, కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న గంట ఏదో చూసుకుని దాని చుట్టూ మిగతాదంతా అల్లుకోండి.

ఈ రెండు పూటలూ కుదరనివాళ్లు మధ్యాహ్నం వద్దే వద్దు అనుకుంటారు, నేనైతే అంత గట్టిగా చెప్పను. భవనం నీడో పెద్ద గోడ నీడో ఉంటే, ఆ నీడ అంచున, లోపలి వైపే నిలబడి మొహాలు బయట ఆకాశం వైపు తిప్పితే వెలుతురు మెత్తగా, అందరికీ సమానంగా పడుతుంది. చెట్టు నీడ మాత్రం జాగ్రత్త, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా మొహాల మీద పడితే ఎడిటింగ్‌లో కూడా సరిగ్గా పోవు, దట్టమైన చెట్టయితేనే నిలబడండి. కింద పచ్చగడ్డి ఉంటే ఆ పచ్చదనం గడ్డాల కింద, మెడల మీద అంటుకుంటుంది. నీడలో రంగులు కాస్త నీలంగా వస్తాయి, కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ని (రంగుల ఛాయని సరిచేసే సెట్టింగ్) షేడ్‌కి మారిస్తే చాలావరకు సరిపోతుంది.

మబ్బు పట్టిన రోజుని చూసి క్యాన్సిల్ చేసుకునేవాళ్లంటే నాకు ఆశ్చర్యం. ఎక్కువమంది ఉన్న గ్రూప్‌కి మబ్బు రోజంత సులువైన రోజు ఇంకోటి లేదు, ఏ వైపు నిలబడినా పర్వాలేదు, కళ్లు చిట్లించే బాధ లేదు, టైమ్ గోల అంతకంటే లేదు. తెల్లగా వెలవెలబోయే ఆకాశాన్ని ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుని, గడ్డాలు కొంచెం పైకెత్తమంటే చాలు, ఎందుకంటే వెలుతురంతా పైనుంచే వస్తుంది కాబట్టి కళ్ల గుంటలు కాస్త నల్లబడతాయి.

ఎండ ఉన్నప్పుడు సూర్యుడు ఎదురుగానా, వెనకగానా అంటే, వెనక. ఎదురుగా ఉంటే వెలుతురు బాగుంటుందని పెద్దవాళ్లు పట్టుబడతారు, కానీ ఎవరూ కళ్లు తెరిచి ఉండలేరు. వెనక ఉంటే జుట్టు అంచులు మెరుస్తాయి, మొహాలు ప్రశాంతంగా ఉంటాయి, చేయాల్సిందల్లా వెలుతురు లెక్కని మొహాలకి సెట్ చేయడం. ఫోన్లో అయితే మొహం మీద నొక్కి బ్రైట్‌నెస్ కాస్త పైకి జరపండి. వెనక ఆకాశం తెల్లగా పాలిపోతే పోనివ్వండి, మనం తీసేది ఆకాశాన్ని కాదు.

ఇక చోటు. సముద్రపు ఒడ్డు, పార్కు, సొంత ఇంటి ఆవరణ అని మూడు పెడితే చాలామంది ఇంటిని లెక్కలోకే తీసుకోరు. ఒడ్డున ఇసుక, నీళ్లు వెలుతురుని కింది నుంచి మొహాల మీదికి కొడతాయి, అది మంచిదే, కానీ నీడ ఉండదు, గాలి ఉంటుంది, దిగంతం గీత సరిగ్గా ఎవరో ఒకరి తలలోంచి దూసుకుపోతున్నట్టు వస్తుంది (కెమెరా ఎత్తు కాస్త మారిస్తే గీత భుజాల కిందికో తలల పైకో పోతుంది). పార్కులో వెరైటీ ఉంటుంది, కానీ చాలాచోట్ల కెమెరా, స్టాండు పెట్టి షూట్ చేయాలంటే ముందే పర్మిషన్ తీసుకోవాలి, గేటు దగ్గర ఆపేశాక కనుక్కోవడం కన్నా ముందు అడిగి ఉంచుకోవడం నయం. బండి దిగిన చోటు నుంచి పెద్దవాళ్లు ఎంత దూరం నడవాలి, బాత్రూమ్ ఉందా, కూర్చోవడానికి ఏదైనా ఉందా అన్నది కూడా వ్యూ ఎంత బాగుందో అన్నంత ముఖ్యం. ఇంటి ఆవరణలో ఈ గొడవలేవీ ఉండవు, పిల్లలకి కొత్త ఉండదు, పదేళ్ల తర్వాత చూసుకున్నప్పుడు ఆ గుమ్మం, ఆ మెట్లు కూడా ఫొటోలో భాగమవుతాయి. అందంగా లేదు అనిపిస్తే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ చేసి తీయించుకోండి, ఎలాగూ మొహాలు చూడ్డానికే కదా ఫొటో.

ఆ బ్లర్ విషయంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. 85 ఎం.ఎం. లెన్స్‌తో ఎఫ్/2 దగ్గర (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్, అంత వెడల్పుగా తెరుచుకుంటుంది), 4 మీటర్ల దూరం నుంచి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాతో తీస్తే ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా వచ్చే లోతు ముప్పావు అడుగు పైచిలుకే. ఒక్కరికి, ఇద్దరికి అది బాగుంటుంది, ముందు వరసలో పిల్లలు, వెనక పెద్దవాళ్లు ఉన్నప్పుడు మాత్రం ఒక వరస మసకబారుతుంది. అదే ఎఫ్/5.6 పెడితే లోతు రెండు అడుగులు దాటుతుంది, గ్రూప్‌కి కనీసం ఆ మాత్రం ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావాలంటే అపర్చర్ ఇంకా తెరవడం కన్నా, మనుషులని వెనకున్న గోడకీ చెట్లకీ దూరంగా జరపడం మంచి దారి.

ఫొటోగ్రాఫర్‌ని పిలవాలా, ట్రైపాడ్ పెట్టుకుని మనమే తీసుకోవాలా, చుట్టాల్లో ఎవరో ఒకరికి ఫోన్ ఇవ్వాలా? మూడోది వద్దని చెప్తాను, ఆ ఒక్కరూ ఎప్పటికీ ఫొటోలో ఉండరు. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి ట్రైపాడ్ చాలు. సెల్ఫీ కెమెరా కాకుండా వెనక కెమెరా వాడండి, ఫోన్ మామూలు లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి దగ్గర నుంచి తీస్తే అంచుల్లో నిలబడ్డవాళ్లు సాగిపోయినట్టు కనిపిస్తారు, నాలుగడుగులు వెనక్కి పెట్టి 2ఎక్స్‌లో తీయండి. పది సెకన్ల టైమర్ పెట్టి పరుగెత్తుకొచ్చి నిలబడితే మొహంలో ఆ పరుగే కనిపిస్తుంది, వాచీతో గానీ చిన్న బ్లూటూత్ రిమోట్‌తో గానీ నొక్కితే హాయి.

ఏడెనిమిది మంది దాటారంటే, రెండు తరాలు కాక మూడు తరాలున్నారంటే, మనిషిని పెట్టుకోవడమే మేలు. ఎవరు ఎక్కడ నిలబడాలో బయటివాళ్లు చెప్తే వింటారు, ఇంట్లోవాళ్లు చెప్తే వినరు, నిజానికి మనం డబ్బిచ్చేది సగం దీనికే. అతన్ని మాట్లాడుకునేటప్పుడు "ఎన్ని ఫొటోలు ఇస్తారు?" అని కాకుండా, ఎక్కువమంది ఉన్న గ్రూపుల ఫొటోలు పూర్తి సెట్ ఒకటి చూపించమనండి, ఏరిన పది మంచి ఫొటోలు చూస్తే ఏమీ తెలీదు.

ఎవరు తీసినా, కళ్లు మూసుకునే బెడద తప్పదు. ఆస్ట్రేలియా సైన్స్ సంస్థ సీ.ఎస్.ఐ.ఆర్.ఓ.కి చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ దీని మీద లెక్క వేసి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) కూడా కొట్టారు: 20 మంది లోపు గ్రూప్‌కి, వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యని 3తో, బాగోకపోతే 2తో భాగించి అన్ని ఫొటోలు తీస్తే, ఒక్కటైనా అందరూ కళ్లు తెరిచిన ఫొటో దొరికే అవకాశం చాలా ఎక్కువ. అంటే 12 మందికి మంచి వెలుతురులో 4 క్లిక్‌లు. వాళ్ల లెక్క కళ్ల వరకే, పక్కకి చూసేవాళ్లు, నాలుక బయటపెట్టేవాళ్లు అందులో లేరు కాబట్టి నేనైతే దానికి మూడింతలు తీయమంటాను.

బట్టల గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. అందరూ ఒకే రంగా, కలిసే రంగులా అంటే కలిసే రంగులే, ఒకే రంగు వేస్తే యూనిఫాంలా ఉంటుంది. సన్నటి చారల చొక్కాలు డిజిటల్ కెమెరాలో అలలు అలలుగా కనిపిస్తాయి, కళ్లు చెదిరే రంగులు గడ్డాల కింద ప్రతిబింబిస్తాయి, ఈ రెండూ మానేస్తే మిగతాది మీ ఇష్టం.

వరస మాత్రం ముందే అనుకోండి: మొత్తం కుటుంబం మొదట, తర్వాత పెద్దవాళ్లతో మనవలు, వాళ్లని కూర్చోబెట్టేశాక మిగతా జంటలు, చివర్లో పిల్లల పరుగులు. అలాగే వాన పడితే ఇంకో తేదీ ఏదో కూడా ముందే మాట్లాడుకుని, ఆ రోజు "ఉందా, లేదా" అని తేల్చే పని ఒక్కరికే అప్పజెప్పండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఓటింగ్ పెడితే అది తేలేలోపు పొద్దు గూకుతుంది.