అమ్మకు వేరే వైద్యం వెతుకుతూ చూసిన రెండు చోట్లు: ఓ మూలికల క్లినిక్, ప్రభుత్వ ఆలన సేవ

మా అమ్మకు పెద్దపేగు క్యాన్సర్, నాలుగో స్టేజీ. కాలేయానికి పాకింది. ఆక్సాలిప్లాటిన్ కీమోతో వేళ్లు మొద్దుబారి చీర కుచ్చిళ్లు కూడా పెట్టుకోలేకపోయింది. మందు మార్చినా గడ్డలు తగ్గలేదని స్కాన్‌లో తేలాక "వేరే మందేమన్నా ఉంటే చూడు బిడ్డా" అని తనే అడిగింది.

ముందు ఒక మూలికల క్లినిక్‌కు తీసుకెళ్లాను. పేరు చెప్పను. అక్కడి వైద్యుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఆకలి, నిద్ర, విరేచనం అన్నీ ఓపిగ్గా అడిగాడు. జబ్బు బయటపడ్డాక తనను అంత తీరిగ్గా ఎవరూ పలకరించలేదు, అమ్మ మొహం విప్పారింది. జనం అక్కడికి ఎందుకు వెళ్తారో అర్థమైంది. కానీ ఇవ్వబోయిన పొడి పొట్లాల మీద ఏమేం కలిపారో లేదు, తయారీ లైసెన్సు నంబరు లేదు. అడిగితే "గురువుగారి రహస్యం" అన్నారు. కాలేయంలో గడ్డలున్న మనిషికి ఏముందో తెలియని పొడి ఎలా పట్టిస్తాం? కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉన్నట్టు పరీక్షల్లో బయటపడ్డాయి కూడా. పైగా కీమో ఆపేయాలట, డబ్బంతా ముందే కట్టాలట. గోడ మీద "క్యాన్సర్ నయం" అని పెద్ద బోర్డు. అలాంటి ప్రకటనలను 1954 చట్టమే నిషేధించింది. ఏమీ కొనకుండా వచ్చేశాం. ఒక్క స్టారు, అదీ ఆ ఓపికకు.

వేరే మందు గురించి క్యాన్సర్ డాక్టర్‌నే అడగాల్సిన మాట ఒకటుంది: ఎంఎస్ఐ పరీక్ష చేశారా అని. గడ్డ కణాలకు తమ డీఎన్‌ఏలో తప్పులు దిద్దుకునే శక్తి పోయిందా అని చూసే పరీక్ష అది. పాత బయాప్సీ ముక్క మీదే చేయొచ్చు. ఎంఎస్ఐ-హై (ఆ శక్తి పోయింది) అని వస్తే ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే వైద్యం, పనిచేసే అవకాశం ఎక్కువ. అలాంటి ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును మొదటి మందుగానే వాడొచ్చని అమెరికాలో 2020లో అనుమతిచ్చారు. ఈ దశలో నూటికి ఐదుగురికో ఏమో అలా వస్తుంది. అమ్మకు రాలేదు. ఐనా అడగకుండా మాత్రం ఉండకండి.

ఇక ఆలన. తెలంగాణ ప్రభుత్వం నడిపే పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించి రోగికి ఊరటనిచ్చే వైద్యం. మాది ఖమ్మం జిల్లా. బండిలో నర్సు ఇంటికే వస్తుంది, పైసా ఖర్చు లేదు. మొదటిసారి వచ్చినామె మంచం పక్కనే కూర్చుని "నొప్పి పదికి ఎంతుంది పెద్దమ్మా?" అని అడిగింది. అమ్మ తొమ్మిది అంది. మాకెవ్వరికీ అప్పటిదాకా అంత చెప్పలేదు. డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారు, నాలుగు గంటలకోసారి. మా మేనత్త హడలిపోయింది, మార్ఫిన్ అంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టేనని. నొప్పిని బట్టి మోతాదు పెంచుతారనీ తగ్గిస్తారనీ, డాక్టరు చెప్పినట్టు వాడితే వ్యసనం భయం చాలా తక్కువనీ నర్సు ఆమెకు నిదానంగా చెప్పింది. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు. పేగు ఇరుకైన వాళ్లకు విరేచనం మందు ఏదిపడితే అది వేయకూడదు, అందుకే అదీ డాక్టరే చూసి రాశారు. స్టోమా బ్యాగ్ (పొట్ట మీద చేసిన రంధ్రం దగ్గర మలం పట్టడానికి అంటించే సంచి) చుట్టూ ఒరిసిన చర్మాన్ని ఎలా కడగాలో నర్సు నా చేత చేయించి చూపింది. వారం తిరక్కుండానే అమ్మ కూర్చుని పెరుగన్నం తింది, మనవడి లెక్కల నోటుబుక్కు తెమ్మంది.

ఐదు స్టార్లు. వాళ్లు గడ్డను కరిగిస్తామనలేదు, ఆ మాట మొదటి రోజే చెప్పారు. కీమో నడుస్తుండగా కూడా ఈ సేవ తీసుకోవచ్చు. ఆ సంగతి మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే అమ్మ అన్ని రాత్రులు మూలిగి ఉండేది కాదు. ఇది ఎమర్జెన్సీ సేవ కాదు, కడుపు ఉబ్బి వాంతులు ఆగకపోతే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ వార్డు ఎక్కడని అడగండి. బయాప్సీ రిపోర్టు, ఆఖరి స్కాన్, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు పట్టుకెళ్లండి. మూలికలు ఏవైనా వాడుతుంటే అవీ దాచకుండా చెప్పండి.