ఐటీఐ అయ్యాక అప్రెంటిసా, కాంట్రాక్టరు దగ్గర కొలువా?

ఫిట్టర్ కోర్సు ముగించిన కుర్రవాడికి మొదట కనిపించే లెక్క డబ్బే. అక్కడ కాంట్రాక్టరు ఉద్యోగానిదే పైచేయి అవుతుంది. అప్రెంటిస్‌కు వచ్చేది జీతం కాదు, స్టైపెండ్, అంటే శిక్షణ కాలపు భత్యం.

అసలు తేడా చట్టంలో ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణార్థి. కాబట్టి పీఎఫ్ (భవిష్య నిధి) ఉండదు. పని నేర్పడం యజమాని బాధ్యత, శ్రద్ధగా నేర్చుకోవడం ఇతని బాధ్యత. పనిలో గాయపడితే పరిహారం మాత్రం యజమానే ఇవ్వాలి. ఒప్పందాన్ని మధ్యలో ఉల్లంఘించి వెళ్లిపోతే శిక్షణ ఖర్చు వసూలు చేసే వీలుంది. సంతకం పెట్టే రోజున ఈ సంగతి ఎవరూ చదివి వినిపించరు! శిక్షణ పూర్తయ్యాక అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం కూడా లేదు.

కాంట్రాక్టరు దగ్గర చేరితే కార్మికుడి హక్కులన్నీ వర్తిస్తాయి: కనీస వేతనం, అదనపు గంటలకు రెట్టింపు కూలి, మూల వేతనమూ కరవు భత్యమూ కలిసిన మొత్తంపై 12 శాతం పీఎఫ్, నెల జీతం 21,000 రూపాయలు మించకపోతే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా). అయితే కాగితం మీద ఉన్నవన్నీ చేతికి అందుతాయనుకోవద్దు. నియామక పత్రం, యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు సంఖ్య) అడిగి తీసుకోవాలి. పీఎఫ్ జమ అవుతోందో లేదో పాస్‌బుక్‌లో నెలనెలా చూసుకోవాలి.

ఇంట్లో డబ్బుకు మరీ ఇబ్బంది లేకపోతే నా ఓటు అప్రెంటిస్‌షిప్‌కే, అదీ పెద్ద కర్మాగారంలో దొరికితేనే. రైల్వేలోనే ఆ శిక్షణ పూర్తిచేసినవారికి అక్కడి కొన్ని నియామకాల్లో ప్రత్యేక కోటా ఉంది. యంత్రాన్ని తాకనివ్వకుండా టీలు మోయించే చిన్న షెడ్డయితే, కాంట్రాక్టరే నయం.