రెక్స్ అని రాసున్న ప్రతి బిళ్లా ఓడది కాదు

లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఆదివారం సంతలో, ‘రెక్స్’ అని బంగారు రంగు అచ్చున్న క్లే (మట్టి కలిపి చేసిన) కాసినో బిళ్లను, అంటే జూదంలో డబ్బుకు బదులు వాడే చిప్‌ను, రెక్స్ అనే పాత జూదపు ఓడదని చెప్పి 120 డాలర్లు అడిగాడు ఒక వ్యాపారి. భూతద్దం బయటికి తీసేసరికి 70కి దిగాడు. త్రాసు తీసేసరికి మొహం మాడ్చుకుని బిళ్లను లోపల పెట్టేశాడు. ఈ సరుకు కోసం అంత దూరం వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

రెక్స్ కథ చిన్నదే. జూద వ్యాపారి టోనీ కార్నీరో ఆ ఓడను 1938 మేలో శాంటా మోనికా ఎదురుగా, రాష్ట్ర చట్టం చేరదనుకున్న మూడు మైళ్ల గీత అవతల లంగరేశాడు. జనం రేవులో 25 సెంట్లిచ్చి వాటర్ టాక్సీ ఎక్కి వెళ్లేవాళ్లు. 1939 ఆగస్టులో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్ మనుషుల్ని పంపితే, ఓడవాళ్లు నీటి గొట్టాలు ఎక్కుపెట్టి వారం పైగా వాళ్లను పైకి రానివ్వలేదు. చివరికి కోర్టు అది బహిరంగ సముద్రం కాదు, అఖాతం అని తేల్చింది. అఖాతానికి ఈ కొస భూమి నుంచి ఆ కొస భూమికి గీత గీసి, అక్కడి నుంచి మైళ్లు లెక్కపెట్టాలంది. మొత్తం మీద ఓడ నడిచింది పదిహేను నెలలే, బిళ్లలు అరుదు కాక ఏమవుతాయి? అసలు చిక్కు ఇంకోటుంది. ఇదే కార్నీరో 1940ల మధ్యలో లాస్ వేగస్ ఫ్రీమాంట్ వీధిలో, అపాచీ హోటల్లో నడిపిన కాసినోకి ‘ఎస్.ఎస్. రెక్స్’ అని పేరు పెట్టాడు. చుట్టూ ఎడారి, పేరు మాత్రం ఓడది! కాబట్టి ఓడ పేరు ముందు పెట్టే ‘ఎస్.ఎస్.’ (స్టీమ్‌షిప్) ఉంది కదా అని డబ్బు తీయొద్దు.

ఆ వ్యాపారి బిళ్ల దొరికిపోయింది గీతల దగ్గర. నిజంగా వాడిన బిళ్ల మీద గీత పడితే, అది బంగారు అక్షరాన్ని కూడా కోసుకుంటూ పోవాలి. ఇక్కడ పది రెట్ల భూతద్దంలో చూస్తే, ‘ఆర్’ అక్షరం కాలి దగ్గర బంగారు రేకు గీత లోపలికి దిగి మెరుస్తోంది. అంటే బిళ్ల అరిగాకే అచ్చు పడింది. ఎక్కడో దొరికిన పాత ఖాళీ బిళ్ల మీద నిన్నగాక మొన్న వేడి అచ్చు కొట్టారన్నమాట. ఈ రకం మోసాన్ని త్రాసు పట్టుకోలేదు, బిళ్ల పాతదే కాబట్టి. త్రాసు, అయస్కాంతం పనికొచ్చేది ఈ కాలపు నకళ్లకు: లోపల ఇనుప ముక్క ఉంటే అయస్కాంతం అంటుకుంటుంది, బరువు 11.5 గ్రాముల దాకా తూగుతుంది. పాత క్లే సాధారణంగా 10 గ్రాముల లోపే. మధ్యలో కాగితం బొమ్మ ఉంటే యూవీ టార్చి వేయండి, నీలంగా వెలిగితే అది 1930ల కాగితం కాదు.

శాంటా మోనికాకి ఒక పూట చాలు. లాస్ ఏంజెలెస్ మెట్రో రైలు ‘E’ లైన్‌లో 1.75 డాలర్లు, స్టేషన్ నుంచి రేవుకి నడకే. కారు తీసుకెళ్లి పార్కింగ్‌కి తగలేయొద్దు. లాంగ్‌బీచ్‌లో క్వీన్ మేరీ చూడదగ్గ ఓడే, బిళ్లల కోసమైతే దండగ. అది అక్కడికి చేరిందే 1967 చివర్లో, ‘క్వీన్ మేరీ, లాంగ్‌బీచ్’ అని చెక్కింది ఏదైనా ఆ తర్వాతి జ్ఞాపికే. నాతో వచ్చి, ఈ తిరుగుడుకి అప్పటికే అలిగున్న బావగారు, మనవాళ్ల దుకాణాలుండే ఆర్టీసియాలో పయనీర్ బులవార్డ్ మీద మసాలా దోసె తిన్నాక గానీ మాట్లాడలేదు.

ఆ దోసె ప్రభావం వేగస్‌లో ఒక్క రాత్రికే పోయింది. ఫ్రీమాంట్ వీధి పక్కనే దిగిన హోటల్లో గది 42 డాలర్లని చూపించారు. కౌంటర్ దగ్గర రిసార్ట్ ఫీజు 39.95, ఆ రెండింటి మీద సుమారు 13 శాతం పన్ను, వెరసి 92 దాటింది. ఈత కొలను మూసి ఉంది, ఫీజు ఎందుకంటే ‘అందరికీ అంతే’ అన్నారు. కిటికీ కింద కచేరీ వేదిక, అర్ధరాత్రి దాటాక కూడా డ్రమ్ములు. “మట్టి బిళ్ల కోసం ఇంత అవసరమా?” అని బావగారు తెల్లారేదాకా నాలుగుసార్లు అడిగారు, జవాబు లేదు. బుక్ చేసేటప్పుడు ఫీజు, పన్ను కలిపిన మొత్తమే చూడండి. గది వీధి వైపు వద్దని ముందే రాయండి. పాత అపాచీ గదుల్ని అదే భవనంలోని బినియన్స్ కాసినో వాళ్లు 2019లో మళ్లీ తెరిచారు. కథ మీద మోజుంటే అక్కడే దిగొచ్చు.

ఇంత తిట్టుకున్నా వేగస్ మానొద్దు, నెవాడా యూనివర్సిటీ లైబ్రరీ స్పెషల్ కలెక్షన్స్ కోసం. జూదం చరిత్ర మీద అంత సామగ్రి ఒక్కచోట దొరకడం కష్టం, పైగా పైసా అడగరు. ఏ పెట్టె కావాలో వెళ్లకముందే ఆన్‌లైన్‌లో రాసిపెట్టుకోవాలి, పాస్‌పోర్టు తీసుకెళ్లాలి, పెన్ను కాదు పెన్సిల్. అచ్చు పోల్చుకోవడానికి చిప్‌గైడ్ ఆన్‌లైన్ జాబితా ఉచితం. కొనాలనుంటే సంతలు వదిలేసి, వేగస్‌లో సాధారణంగా జూన్‌లో జరిగే కాసినో బిళ్లల సేకర్తల ప్రదర్శనకి తేదీలు కలిసేలా టికెట్ తీసుకోండి. అక్కడ తప్పు సరుకు పెట్టినవాడికి పక్క బల్లవాడే గడ్డి పెడతాడు.

కొన్న బిళ్లను శానిటైజర్ గుడ్డతో తుడవొద్దు. పాత క్లే బిళ్లల్లో లక్క కలిసి ఉండొచ్చు, ఆల్కహాల్ తగిలితే పైపొర కరిగి అచ్చు లేచిపోవచ్చు. పొడి మెత్తటి కుంచె చాలు. దాచడానికి పీవీసీ కవర్లు కాకుండా మైలార్‌వి అడిగి తీసుకోండి.