పదో తరగతి పరీక్షా కేంద్రం: హాల్‌టికెట్ నుంచి స్పాట్ బండిల్ దాకా ఏర్పాట్లు ఎలా ఉన్నాయి?

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు బాగా జరిగాయా లేదా అన్నది మనవాళ్లు ఒక్క మాటతో తేల్చేస్తారు: పేపర్ లీకయిందా, కాలేదా? సెంటర్ నడిపే చీఫ్ సూపరింటెండెంట్ (సీఎస్)కీ డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్‌కీ లెక్క అంతటితో తీరదు. నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా), హాల్‌టికెట్, ఓఎంఆర్ (జవాబు బుక్‌లెట్‌కి పిన్ను కొట్టే, పిల్ల వివరాలున్న షీటు), జవాబు బుక్‌లెట్, బండిల్ (జవాబుపత్రాల కట్ట), వీటిలో ఏది తేడా కొట్టినా నష్టపోయేది పిల్లే. రెండు తెలుగు రాష్ట్రాల్లో సెంటర్లకు అందుతున్న ఈ సేవలన్నీ చూశాక మా అభిప్రాయం ఇది: ప్రశ్నపత్రం కాపలా బాగా గట్టిపడింది. ఓఎంఆర్ దగ్గర మాత్రం బరువంతా ఇన్విజిలేటర్ మీదే వేసి, చేతికి అరగంట సమయం ఇస్తున్నారు.

ముందు నామినల్ రోల్. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల వివరాలు యూడైస్ (బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) నుంచి నేరుగా వస్తున్నాయి కాబట్టి అన్నీ మళ్లీ టైపు చేసే పని తప్పింది. ఇది నిజంగా మంచి మార్పు. కాకపోతే ఎప్పుడో కింది తరగతిలో చేరినప్పుడు పడ్డ తప్పు కూడా అంతే నేరుగా వచ్చేస్తుంది. ఇంటిపేరు ముందా వెనకా, పుట్టినతేదీ అడ్మిషన్ రిజిస్టర్‌తో కలుస్తోందా, మీడియం ఏమిటి, ఫస్ట్ లాంగ్వేజ్ జనరల్ తెలుగా కాంపోజిట్ కోర్సా (తెలుగుతో సంస్కృతం లాంటి ఇంకో భాష కలిపినది), పుట్టుమచ్చలు రెండూ రాశారా, ఇవి స్క్రీన్ మీద చూస్తే కళ్లు జారిపోతాయి. ప్రింట్ తీసి పిల్ల చేతా, తల్లిదండ్రుల చేతా చదివించి సంతకం పెట్టించుకోవాలి. రేపు పాస్‌పోర్ట్‌కి వెళ్లినా పుట్టినతేదీకి టెన్త్ మెమోనే చూపిస్తారు. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం నెలల తరబడి తిరిగే పని, సబ్మిట్ నొక్కకముందు పది నిమిషాల పని. కాంపోజిట్ కోర్సు పడాల్సిన చోట జనరల్ పడితే ఇంకా ముప్పు: పరీక్ష రోజు ఆ పిల్లకు ఇవ్వాల్సిన ప్రశ్నపత్రమే సెంటర్‌కి రాదు.

హాల్‌టికెట్ల సేవకు మాత్రం మంచి మార్కులే వేయాలి. స్కూల్ లాగిన్‌లో దింపుకోవచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సేవ మన మిత్ర వాట్సాప్ నంబర్ 9552300009లో పిల్లలే తీసుకోవచ్చు. హెడ్మాస్టర్ సంతకం లేకపోయినా సెంటర్‌లో అనుమతించాలని చెప్పడంతో, ఫీజు బాకీ పేరుతో హాల్‌టికెట్ బిగబట్టుకునే ప్రైవేటు స్కూళ్ల పట్టు సడలింది. ఆ ఒక్క నిర్ణయం ఎంతమంది పేద తల్లిదండ్రుల గుండెల మీద భారం దించిందో సెంటర్ గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. గేటు దగ్గర ఉండేవాళ్లకు ఒక మాట: సంతకం లేదని పిల్లను ఆపకండి. ఫొటో అటెండెన్స్ షీట్‌లో ఉన్న ముఖంతో పోల్చి చూడండి, చాలు.

ఇక ప్రశ్నపత్రాలు. పోలీస్ ఠాణాలో డబుల్ లాక్, తీసుకొచ్చేటప్పుడు పోలీసు తోడు, ఠాణా దగ్గర్లో లేని సి సెంటర్లకు పేపర్లు భద్రపరచడానికి ప్రత్యేకంగా కస్టోడియన్లు, సీఎస్ గదిలో సీసీ కెమెరా ఎదుట కవర్ తెరవడం, ఈ గొలుసు బాగానే పనిచేస్తోంది. తెలంగాణలో 2025 నుంచి పేపర్ మీద సీరియల్ నంబర్, క్యూఆర్ కోడ్ కూడా వచ్చాయి. పేజీ ఫొటో బయటికి వస్తే ఏ సెంటర్‌దో, ఎవరి చేతిలోదో తేల్చవచ్చు. 2023 ఏప్రిల్‌లో తాండూరు, కమలాపూర్ సెంటర్ల నుంచి ప్రశ్నపత్రాల ఫొటోలు బయటికి వచ్చిన సంఘటనల నుంచి నేర్చుకున్న పాఠం అది. ఆ రెండింటినీ జాగ్రత్తగా చూడాలి. పేపర్ ఠాణాలోనూ పోలేదు, దారిలోనూ పోలేదు. పరీక్ష మొదలయ్యాక గదిలోంచి పోయింది. తాండూరులో లోపల ఉన్న ఫోన్ వల్ల, కమలాపూర్‌లో కిటికీ దగ్గరికి వచ్చిన ఫోన్ వల్ల. అందుకే సెంటర్ చూసే రోజు బీరువా తాళంకంటే ముందు కిందంతస్తు గదుల వెనకవైపు కిటికీలు చూడాలి. ప్రహరీ గోడకూ కిటికీకీ మధ్య మనిషి నిలబడే చోటుంటే ఆ వరస బెంచీలు లోపలికి జరపాలి. కిటికీ మూసేస్తే మార్చి ఎండలో పిల్లలు ఉడికిపోతారు. కాబట్టి మెష్ కొట్టించడమో, అక్కడ ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టడమో చేయాలి.

కవర్ కోసే ముందు చేయాల్సినది చిన్న పని, కానీ తప్పకూడదు. తేదీ, సబ్జెక్టు, పేపర్ కోడ్, మీడియం, కవర్ మీద ఉన్న సంఖ్య, ఈ ఐదూ ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు టైంటేబుల్‌తో పోల్చుకోవాలి, ఆ తర్వాతే సంతకాలు, ఆ తర్వాతే కత్తెర. వేరే రోజు కవర్ పొరపాటున తెగితే దాన్ని మళ్లీ అతికించలేం. సిలబస్ మారిన ఏడాది రెగ్యులర్‌లకూ పాత సిలబస్ ప్రైవేటు అభ్యర్థులకూ పేపర్లు వేరు. ఆ అభ్యర్థులు కూర్చునే గది నంబర్ ముందు రోజు సాయంత్రమే ఎర్ర ఇంకుతో సీటింగ్ ప్లాన్ మీద గుర్తు పెట్టుకోకపోతే తొమ్మిదిన్నరకు గందరగోళం తప్పదు.

ఇప్పుడు అసలు విషయం, ఓఎంఆర్.

పిల్ల పేరు, హాల్‌టికెట్ నంబర్, సబ్జెక్టు ముందే అచ్చయి, బార్‌కోడ్‌తో వచ్చే షీటు ఇది. దిద్దేవాళ్లకు జవాబులు ఎవరివో తెలియకుండా ఉండేది ఈ బార్‌కోడ్ వల్లే. ఆలోచన చాలా మంచిది. పాత రోజుల్లో నంబర్ చేత్తో రాసి, తప్పు రాసి, ఫలితం ఆగిపోయిన పిల్లల సంగతి తలుచుకుంటే ఇది వరమే. అమలు దగ్గరే చిక్కు. గదిలో 24 మంది ఉన్నారనుకోండి. పిల్లలు పూర్తిగా సర్దుకునేసరికి తొమ్మిదవుతుంది. తొమ్మిదిన్నరకు ప్రశ్నపత్రం ఇవ్వాలి. ఆ 30 నిమిషాల్లో ఒక్కరే హాల్‌టికెట్, ముఖం పోల్చాలి. ఎవరి ఓఎంఆర్ వారికే ఇవ్వాలి. పేరు, సబ్జెక్టు, మీడియం సరిగా ఉన్నాయా అని పిల్ల చేత చదివించాలి. బుక్‌లెట్ నంబర్ ఓఎంఆర్ మీద రాయించాలి. ఓఎంఆర్‌ని బుక్‌లెట్‌కి పిన్ను కొట్టించాలి. పిన్నుల మీద పేపర్ సీల్ అంటించాలి. సంతకం పెట్టించి తాను పెట్టాలి. పిల్లకు ఒక్క నిమిషం అనుకున్నా 24 నిమిషాలు. ఒక్క స్టాప్లర్ మొరాయిస్తే అయిపోయింది.

జరిగే తప్పులు దాదాపు ప్రతి ఏడాదీ ఇవే. పక్కపక్క నంబర్ల పిల్లల ఓఎంఆర్‌లు తారుమారవడం మొదటిది. ఒకే బడి, ఒకే ఇంటిపేరు ఉంటే కంటికి ఆనదు, ఇద్దరి మార్కులూ మారిపోతాయి. పిన్ను బార్‌కోడ్ గీతల మీద పడటం ఇంకోటి, యంత్రం చదవదు. చెమట చేత్తో రుద్దినా, బార్‌కోడ్ దగ్గర మడత పడినా అంతే. సీల్ పిన్ను మీద కాకుండా పక్కన అంటించడం మరోటి. సీల్ ఉద్దేశమే పిన్ను ఊడదీస్తే తెలియాలని, పక్కన అంటిస్తే దానితో పనేముంది? ఇక పిల్లలు అలవాటుగా బుక్‌లెట్ లోపల పేరో, హాల్‌టికెట్ నంబరో, “శ్రీరామ” లాంటి గుర్తో రాయడం. గుర్తింపు తెలిసే రాత ఏదైనా మాల్‌ప్రాక్టీస్ కింద అనుమానానికి తావిస్తుంది. నంబర్ రాయాల్సింది ప్రశ్నపత్రం మీద. తెలంగాణలో ప్రశ్నపత్రం ప్రతి పేజీ మీదా రాయిస్తున్నారు. అడిషనల్ షీట్లు, గ్రాఫ్, మ్యాప్, తెలంగాణలో బిట్ పేపర్ (చిన్న ప్రశ్నలకు పేపర్ మీదే జవాబు రాసేది), వీటన్నిటి మీదా రాయాల్సింది బుక్‌లెట్ సీరియల్ నంబర్ ఒక్కటే.

ఈ తేడాను ఇన్విజిలేటర్ బోర్డు మీద రెండు గళ్లు గీసి రాసేస్తే సగం తప్పులు తగ్గుతాయి: ఎడమ గడిలో “హాల్‌టికెట్ నంబర్: ప్రశ్నపత్రం మీద మాత్రమే”, కుడి గడిలో “బుక్‌లెట్ నంబర్: ఓఎంఆర్, అడిషనల్, గ్రాఫ్, మ్యాప్ మీద”. ఇన్విజిలేషన్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రైమరీ స్కూళ్ల సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్జీటీలు). ఏడాదంతా ఒకటి, రెండు తరగతులకు అక్షరాలు నేర్పేవాళ్లకు ఒక్క సాయంత్రం మీటింగ్‌లో ఇదంతా నోటితో చెప్పి పంపితే ఎలా గుర్తుంటుంది? మీటింగ్‌లో తలా ఒక నమూనా షీటు ఇచ్చి పిన్ను కొట్టించి, సీల్ అంటించి చూపించాలి. గదికి రెండు స్టాప్లర్లు, ఒక పెట్టె పిన్నులు ముందే పెట్టాలి. అచ్చయిన ఓఎంఆర్ రాకపోయినా, చిరిగినా వాడటానికి పేరు లేని ఖాళీ ఓఎంఆర్‌లు సీఎస్ దగ్గర ఉంటాయి. అవి ఎవరికి ఇచ్చారో, ఎందుకో అప్పటికప్పుడు రిజిస్టర్‌లో ఎక్కించాలి, సాయంత్రం రాద్దామనుకుంటే లెక్క తప్పుతుంది. రానివాళ్ల ఓఎంఆర్ మీద ఆబ్సెంట్ అని ఎర్ర ఇంకుతో రాసేది కూడా లేటుగా వచ్చేవాళ్ల గడువు దాటాకే. ముందే గీసేస్తే, పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్లకు వాడాల్సిన షీటు చేతులారా పాడు చేసినట్టు.

24 పేజీల బుక్‌లెట్‌ని మెచ్చుకోకుండా ఉండలేం. ఇదివరకు చిన్న మెయిన్ షీటు ఇచ్చి, పిల్ల లేచి అడిగినప్పుడల్లా అడిషనల్ ఇచ్చి, చివర దారంతో కట్టించేవాళ్లు. దారం తెగడం, షీట్లు తలకిందులు కావడం, చివరి గంటలో “సార్, అడిషనల్” అన్న కేకలు, అన్నీ పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 24 పేజీలు నిండితే 12 పేజీల అడిషనల్ బుక్‌లెట్ ఇస్తారు. ఇప్పుడు మిగిలిన జాగ్రత్త ఒకటే. బుక్‌లెట్ ఇచ్చిన వెంటనే పిల్లల చేత పేజీలు లెక్కపెట్టించాలి. అచ్చు పడని పేజీ, చిరిగిన అంచు రాయడం మొదలుపెట్టక ముందైతే మార్చవచ్చు. పదకొండు గంటలకు బయటపడితే ఓఎంఆర్ పిన్నులు ఊడదీయాల్సి వస్తుంది.

సమయాలు సైన్స్ కాక మిగతా ప్రధాన పేపర్లకు ఆంధ్రప్రదేశ్‌లో 9.30 నుంచి 12.45 దాకా, అంటే మూడు గంటల పావు. తెలంగాణలో 12.30కి అయిపోతుంది. తెలంగాణలో ఐదు నిమిషాల ఆలస్యాన్ని మన్నించడం మంచి నిర్ణయం. బస్సు కోసం నిలబడ్డ పల్లెటూరి పిల్లను ఒక్క నిమిషం కోసం వెనక్కి పంపడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? సైన్స్ పేపర్ రెండు ముక్కలుగా రెండు రోజులు జరిగేచోట ఫిజికల్ సైన్స్ ఓఎంఆర్ వేరు, బయాలజీ ఓఎంఆర్ వేరు. రెండు కట్టలూ ఒకే పెట్టెలో ఉంచితే మొదటి రోజే తారుమారవుతాయి. రెండో రోజు కట్టకు మొదటి రోజు తాడు కూడా విప్పకూడదు.

స్క్రైబ్‌ల (చూపు లేని పిల్లల్లాంటి వాళ్లకు జవాబులు రాసిపెట్టేవాళ్ల) ఏర్పాటు ఇప్పటికీ బలహీనంగానే ఉంది. రాసిపెట్టే పిల్లలు పదో తరగతికంటే కింది తరగతి వాళ్లై ఉండాలన్నది నియమం. ఎవరు వస్తారో ఖాయం చేయడం మాత్రం చివరి రోజుదాకా సాగుతుంది. చూపు లేని పిల్లకూ స్క్రైబ్‌కూ ముందుగా ఒక గంట కలిసి కూర్చునే అవకాశమైనా ఇవ్వాలి. లెక్కల పేపర్‌లో “అండర్ రూట్ ఎక్కడిదాకా గీయాలి” అన్న దగ్గరే వాళ్లు ఆగిపోతారు. వాళ్లకు కేటాయించే గది కిందంతస్తులో, మిగతా గదుల గోలకు దూరంగా ఉండాలి. అదనపు సమయం ఉంది కాబట్టి 12.45కి బెల్ కొట్టగానే బయట పిల్లలు మాట్లాడే జవాబులు వాళ్ల చెవిన పడకూడదు.

పరీక్ష అయ్యాక పని మొదలైనట్టే. జవాబుపత్రాలు గది వారీగా వచ్చినా కట్టేది హాల్‌టికెట్ నంబర్ల వరసలో, మీడియం వారీగా. 240 మంది సెంటర్ అయితే పన్నెండేసి ఆకులున్న బుక్‌లెట్లు 240, అంటే 2,880 ఆకులు. హాజరు, గైర్హాజరు కలిపితే నామినల్ రోల్ మొత్తం రావాలి. రాకపోతే గుడ్డ సంచి కుట్టకూడదు, ఇన్విజిలేటర్‌ను ఇంటికి పంపకూడదు. చాలాసార్లు తప్పిపోయిన పేపర్ ఎక్కడో పోయి ఉండదు, పక్క నంబర్ బుక్‌లెట్ మడతలో ఇరుక్కుని ఉంటుంది. లక్క సీలు వేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, కొవ్వొత్తి కిటికీకి ఎదురుగా పెట్టకూడదు. లక్క బాగా కరిగి ముడి మీద నిండుగా పడ్డాక ఒక్క క్షణం ఆగి ముద్ర నొక్కాలి. వేడి మీదే నొక్కితే లక్క ముద్రకు అంటుకుపోతుంది, అక్షరాలు పడవు. బండిల్ అదే రోజు పోస్టాఫీసుకి చేరాలి. తపాలా సిబ్బంది బండిళ్ల కోసం కౌంటర్ తెరిచి కూర్చునే ఏర్పాటు ఈ వ్యవస్థలో ఎవరూ పెద్దగా చెప్పుకోని గొప్ప సేవ.

స్పాట్‌లో, అంటే జవాబుపత్రాలు దిద్దే క్యాంపులో, ఒక్కొక్కరికి రోజుకు 40 పేపర్లు. కూడికల్లో తప్పులు, దిద్దని జవాబులు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. అనుమానం ఉంటే రీకౌంటింగ్‌కి సబ్జెక్టుకి 500 రూపాయలు, రీవెరిఫికేషన్‌కి 1,000 రూపాయలు కట్టాలి. రీకౌంటింగ్‌లో మార్కులు మళ్లీ కూడతారు, అంతే. ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేశారని పిల్ల గట్టిగా చెబితే రీవెరిఫికేషనే పెట్టాలి. గడువు తక్కువ రోజులే ఉంటుంది కాబట్టి ఫలితాలు వచ్చిన సాయంత్రమే హెడ్మాస్టర్లు పిల్లల్ని పిలిచి ఈ తేడా చెప్పాలి.