దర్గామిట్ట స్టడీ హాల్లో నాలుగు నెలలు: పీఎంపీకి చదివినామె రివ్యూ

నేను ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్ష పీఎంపీకి చదువుతున్నానని తెలిసి, హైదరాబాదులో ఉండే మా పాత టీం లీడ్ ఫోన్ చేసి "స్టడీ హాల్ తీసుకున్నావా?" అని అడిగాడు. "తీసుకున్నా అన్నా, దర్గామిట్టలో, నెలకు 1,500, ఏసీ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఆయన అడిగింది ఆ పరీక్ష పెట్టే పీఎంఐ వాళ్ళు ఆన్‌లైన్లో అమ్మే ప్రాక్టీస్ టెస్టుల గురించి. దాని పేరు కూడా స్టడీ హాలే. తర్వాత అదీ కొన్నాను. రెండు స్టడీ హాళ్ళకూ డబ్బు కట్టినదాన్ని కాబట్టి రెండింటి గురించీ మాట్లాడే హక్కు నాకుంది, కానీ ఈ రివ్యూ ముఖ్యంగా నెల్లూరు దర్గామిట్ట హాలుకే. పేరు రాయను. మెచ్చుకోళ్ళతో పాటు తిట్లూ ఉన్నాయి.

నాకు 37 ఏళ్ళు. చెన్నైలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి నెల్లూరు ఇంట్లో కూర్చునే పని చేస్తాను, నెలకు రెండుసార్లు ఆఫీసుకు పోయొస్తాను. ఇంట్లోనే చదువుకోవచ్చు కదా అంటారేమో. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, అత్తమ్మ సీరియళ్ళు. నేను పుస్తకం తెరిచిన నిమిషానికి "అమ్మా, నా పెన్సిల్ బాక్స్ యాడుంది?" అనే కేక. అందుకని 2024 మే మొదటి వారంలో హాల్లో సీటు తీసుకున్నాను.

మందుల షాపు పైన రెండో అంతస్తు. 60 సీట్లు. ప్రతి సీటుకూ మూడు వైపులా చెక్క అడ్డం, చిన్న లైటు, ప్లగ్ పాయింట్. వెనక రెండు వరసలు ఆడవాళ్ళకు. లాకరు కావాలంటే నెలకు 100 అదనం. మగపిల్లలకు రాత్రంతా తెరిచే ఉంటుంది, మాకు పొద్దున 5 నుంచి రాత్రి 9 దాకా. నేను ఐదుంబావుకల్లా వెళ్ళి ఎనిమిదింబావుకు లేచేదాన్ని. మే నెల నెల్లూరు ఎండ గురించి తెలిసినవాళ్ళకు ఆ ఏసీ విలువ చెప్పక్కర్లేదు. కాకపోతే కరెంటు పోతే ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి గానీ ఏసీ నడవదు. ఆ సంగతి సీటు ఇచ్చేటప్పుడు చెప్పరు. కిటికీలు అద్దాలతో మూసేసి ఉంటాయి కాబట్టి పది నిమిషాల్లో ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టు ఉంటుంది.

జూన్‌లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులు అని సంతకం పడిన వారంలోనే హాలు కిక్కిరిసిపోయింది. ఓనరు గారు నడవలో కూడా ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. లేచి బాత్రూంకు పోవాలంటే నలుగురికి "కొంచెం జరగమ్మా" చెప్పుకుంటూ పోవాలి. 1,500 కట్టినవాళ్ళకు ఇది న్యాయం కాదని రెండుసార్లు చెప్పాను. "పిల్లలు కదమ్మా, యాడికి పోతారు?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు గానీ ఒక స్టార్ మాత్రం అక్కడ తగ్గించాను.

ఈ హాలు నాకు చేసిన పెద్ద నష్టం అసలు వేరే ఉంది, అది ఓనరు తప్పు కాదు. చుట్టూ గ్రూప్-2 మెయిన్స్ వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, డీఎస్సీ వాళ్ళు. అందరూ పెదాలు కదిలిస్తూ కంఠతా పడుతుంటారు. ఆ గాలికి నేనూ కంఠతా మొదలుపెట్టాను. పీఎంఐ వాళ్ళ పుస్తకం పీఎంబాక్ గైడ్ ఆరో ఎడిషన్‌లో 49 ప్రాసెస్‌లు ఉంటాయి, ఒక్కోదానికి ఇన్‌పుట్లు, టూల్స్, అవుట్‌పుట్లు. ఆ చార్టు చెక్కకు అంటించి మూడు వారాలు అప్పజెప్పుకున్నాను. నాలుగో వారం మొదటి ఫుల్ మాక్, అంటే పూర్తి నమూనా పరీక్ష, రాస్తే 180కి 97. చార్టు మొత్తం నోటికొచ్చు, ప్రశ్న మాత్రం చార్టు అడగట్లేదు.

నేను రాసిన 2024 పద్ధతిలో ప్రశ్నల్లో మనుషుల నిర్వహణకు 42 శాతం, ప్రాసెస్‌కు 50, బిజినెస్ వాతావరణానికి 8. ప్రశ్నల్లో సగం దాకా ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేస్తూ మార్పులు కలుపుకుంటూ పోవడం), హైబ్రిడ్ (ముందే ప్లాన్ వేసే పద్ధతినీ ఎజైల్‌నూ కలపడం) పద్ధతుల మీద. ఈ లెక్కలు మారుతుంటాయి కాబట్టి మీరు చదువు మొదలుపెట్టే రోజు పీఎంఐ సైట్‌లో ఎగ్జామ్ కంటెంట్ ఔట్‌లైన్ దించుకుని చూడండి. కోచింగ్ వాళ్ళ పాత పీడీఎఫ్ నమ్మొద్దు. దాదాపు ప్రతి ప్రశ్నా ఒక సందర్భం: ఇట్టా జరిగింది, ప్రాజెక్ట్ మేనేజరు మొదట ఏం చేయాలి?

మా ఇల్లు కట్టేటప్పటి ముచ్చట చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. నేను ఆఫీసుకు చెన్నై వెళ్ళిన రోజు అత్తమ్మ నేరుగా మేస్త్రీతో మాట్లాడి పూజ గది రెండడుగులు పెంచేసింది. ఇంటి హాలు తగ్గింది, ఇటుక లెక్క మారింది, తలుపు చట్రం మళ్ళీ చేయించాం. పరీక్షలో ఇదే ప్రశ్న సాఫ్ట్‌వేర్ వేషంలో వస్తుంది: కస్టమరు వచ్చి డెవలపర్‌ను ఒక చిన్న స్క్రీన్ అడిగాడు, అతను చేసేస్తానన్నాడు. గోడ కూల్చమనడం జవాబు కాదు, పోనీలే అనడం కూడా కాదు. ముందు ఆ మార్పు ఖర్చుకూ టైముకూ ఏం చేస్తుందో చూడాలి, తర్వాత చేంజ్ రిక్వెస్ట్ పెట్టి ఒప్పుకోవాల్సినవాళ్ళ దగ్గరికి పంపాలి. అదే ఎజైల్ ప్రాజెక్టయితే ఆ కోరిక ఏ పని ముందో తేల్చే ప్రోడక్ట్ ఓనర్ దగ్గరికి పోతుంది, బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, దాని చోటు ఆయన తేలుస్తాడు. ప్రశ్నలో ఏ పద్ధతి అన్నది మొదటి రెండు లైన్లలోనే ఉంటుంది. నేను ఆ రెండు లైన్లు వదిలేసి ఆప్షన్ల మీద పడేదాన్ని.

97 వచ్చిన రోజు నుంచి ఒక తప్పుల నోట్‌బుక్ పెట్టాను. తప్పైన ప్రశ్న, నేను ఎందుకు అది పెట్టానో తెలుగులో ఒక వాక్యం, పక్కన ఎర్ర పెన్నుతో ఒక అక్షరం. "చ" అంటే సరిగా చదవలేదు. "తొ" అంటే తొందర, సమస్య ఏమిటో తెలుసుకోకుండానే చర్య తీసుకోవడం. "మే" అంటే మేనేజరు దగ్గరికి పరిగెత్తడం. సరైన జవాబు గుడ్డిగా పెట్టినవాటికి "గు". ఈ చివరిదే చాలామంది వదిలేస్తారు. మార్కు వచ్చింది కదా అని పేజీ తిప్పేస్తారు, అదే ప్రశ్న ఇంకో వేషంలో వస్తే పడిపోతారు. మొదటి మాక్‌లో తప్పైన 83లో 30 దాకా "మే" లే. పధ్నాలుగేళ్ళ ఉద్యోగం అంతా అందులో కనిపించింది. టీంలో ఒకతను పని ఆలస్యం చేస్తే నేను మెయిల్ రాసి మేనేజర్‌ను సీసీలో పెడతాను, మా ఆఫీసులో అందరూ అంతే. పరీక్షకు మాత్రం ముందు అతన్ని విడిగా కూర్చోబెట్టి ఏం ఇబ్బంది అని అడగడమే జవాబు. ఈ ఒక్క అలవాటు మార్చుకోడానికి నాకు నెలన్నర పట్టింది.

హాలు తరఫున ఒక మంచి మాట చెప్పాలి. నా పక్క సీట్లో ఉదయగిరి వైపు అమ్మాయి, డీఎస్సీకి చదివేది. ఒకరోజు టీకి దిగినప్పుడు "మీది ఏం పరీక్ష అక్కా?" అంది. మనిషి అవసరాలను మెట్లుగా పేర్చిన మాస్లో గురించి చదువుతున్నా అన్నాను. ఆ పిల్ల గ్లాసు కూడా కింద పెట్టకుండా శారీరక అవసరాలు, రక్షణ, ప్రేమ, గుర్తింపు, ఆత్మప్రస్తావన అని గడగడా చెప్పేసింది. వాళ్ళ సైకాలజీలో ఉందట. ఆ రోజు నుంచి రోజూ పది నిమిషాలు మెట్ల మీద కూర్చుని నేను ఒక ప్రశ్న తెలుగులో చెప్పడం, ఆమె తోచిన జవాబు చెప్పడం. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మాట ఒక్కటీ తెలియని మనిషికి ఎందుకు ఇది సరైనదో చెప్పలేకపోతే అది మనకూ రానట్టే. చాలాసార్లు ఆమె నాకంటే ముందు పట్టేసేది. పిల్లలతో పని చేయబోయే మనిషి కదా, "ముందు అడగాలి కదక్కా" అనేది.

లెక్కల గురించి భయపడేవాళ్ళకు: ఖర్చు ఎలా ఉందో చెప్పే సీపీఐ అంటే ఎర్న్‌డ్ వాల్యూను (ఇప్పటిదాకా అయిన పని విలువను) అసలు ఖర్చుతో భాగించడం, టైము ఎలా ఉందో చెప్పే ఎస్‌పీఐ అంటే దాన్నే ప్లాన్‌డ్ వాల్యూతో (ఈపాటికి అవ్వాల్సిన పని విలువతో) భాగించడం, ఒకటి కంటే తక్కువైతే బాగాలేనట్టు. ఫార్ములాల మీద రెండు ఉదయాలు పెట్టాను, చాలనిపించింది. కమ్యూనికేషన్ చానెళ్ళ సూత్రం మాత్రం హాలు గోడే నేర్పింది. 60 మందిని 59తో గుణించి సగం చేస్తే 1,770. అంతమంది మాట్లాడుకోవడానికి అన్ని దారులు. "నిశ్శబ్దం పాటించండి" బోర్డు ఎందుకు పెట్టారో ఆ రోజు తెలిసింది. ఆ బోర్డు కిందే ఫోన్లు గుర్రుమంటుంటాయి, అది వేరే సంగతి.

ఆదివారాలు ఫుల్ మాక్‌లు. నేను రాసిన 2024లో అసలు పరీక్ష 230 నిమిషాలు, 180 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 77 సెకన్లు కూడా లేవు. 60 ప్రశ్నలకు ఒక పది నిమిషాల బ్రేక్, 120కి ఇంకొకటి. బ్రేక్‌కు పోయాక వెనకటి 60కి తిరిగి రాలేం. మొదటి 60 అయ్యేసరికి 154 నిమిషాలు, రెండో 60కి 78 నిమిషాలు మిగలాలని ఒక చీటీ మీద రాసి అంటించుకున్నాను. ఇంట్లో అంతసేపు కదలకుండా కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. కుర్చీలో నాలుగు గంటలు మెదడు పనిచేస్తూ కూర్చునే శక్తి ఈ హాలే ఇచ్చింది, దానికి ఎంత చెప్పినా తక్కువే. వైఫైకి మాత్రం సున్నా. రెండో మాక్‌లో 112వ ప్రశ్న దగ్గర నెట్ పోయింది. తర్వాత నుంచి నా ఫోన్ హాట్‌స్పాటే. పీఎంఐ వాళ్ళ స్టడీ హాల్ ప్రశ్నల్లో కొన్ని చదివితే తల పట్టుకుంటాం, కానీ ప్రతి ఆప్షన్ కిందా ఇది ఎందుకు కాదు అన్న వివరణ ఉంటుంది. నా నోట్‌బుక్ దాని మీదే నడిచింది.

తప్పనిసరి 35 గంటల క్లాసు వేరే ఆన్‌లైన్ సంస్థలో చేశాను. స్లైడ్లు చదివి వినిపించారు. చివర్లో వాట్సాప్ గ్రూపులో "పక్కాగా వచ్చే ప్రశ్నలు" అని డబ్బుకు అమ్మకం. జోలికి పోలేదు. పరీక్షలోని ప్రశ్నలు బయట చెప్పనని రాసే ముందు మనమే ఒప్పుకుంటాం, మరి వాళ్ళకు ఎట్టా వచ్చినట్టు?

మొహర్రం నెలలో ఐదు రోజులు మాత్రం హాలు మర్చిపోండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ, 2024లో జూలైలో వచ్చింది. దర్గామిట్టలో బండి కదలదు. ఆ రోజుల్లో చదవకపోగా అత్తమ్మతో స్వర్ణాల చెరువుకు పోయాను. అక్కడ విద్య రొట్టె ఉంటుంది, ఉద్యోగ రొట్టె ఉంటుంది. ఉన్న ఉద్యోగం పోతుందేమోనని ఈ పరీక్ష రాస్తున్నానని అత్తమ్మ నమ్మకం, అందుకని నాకోసం ఉద్యోగ రొట్టె పట్టింది. విద్యది కదా అత్తమ్మా అంటే "రెండూ ఒకటే పోమ్మా" అంది. 2024లో తీసుకున్న ఆ రొట్టెను, కోరిక తీరింది కాబట్టి, 2025 పండుగలో తిరిగి ఇచ్చొచ్చాం.

పరీక్ష ఇంటి నుంచి ఆన్‌లైన్లోనూ రాయొచ్చు, కానీ గదిలో ఇంకెవరూ ఉండకూడదు. హాల్లో రాద్దామని అడిగినవాళ్ళు ఉన్నారు, కుదరదు. మా ఇంట్లో అసలే కుదరదు. సెప్టెంబరులో ముందు రోజే పినాకినీ ఎక్కి చెన్నై వెళ్ళి సెంటర్లో రాశాను. జేబులు తిరగేసి చూపించమన్నారు, గది చల్లగా ఉంది, శాలువా తెచ్చుకోనందుకు బాధపడ్డాను. మొదటి బ్రేక్‌లో లాకర్లో దాచిన అరటిపండు తిన్నాను. పాసయ్యాను. మూడు విభాగాల్లో రెండు అబవ్ టార్గెట్ (కావాల్సినదానికంటే మించి), ఒకటి టార్గెట్. ఎన్ని మార్కులకు పాస్ అన్నది పీఎంఐ చెప్పదు, కాబట్టి ఇంతకంటే అడగొద్దు.

లాకరు తాళం తిరిగి ఇవ్వడానికి పోతే ఓనరు గారు ఫోటో అడిగారు. వారం తర్వాత చూస్తే మెట్ల దగ్గర ఫ్లెక్సీలో ఇద్దరు కానిస్టేబుళ్ళకూ ఒక బ్యాంకు క్లర్కుకూ మధ్య నేను, కింద "పి.ఎం.పి. ఆఫీసర్‌గా సెలెక్ట్ అయినందుకు అభినందనలు". సరిచేయమని చెప్పలేదు.

ఐదుకు మూడున్నర. చేరేవాళ్ళు ఆడవాళ్ళ వరసలో గోడ పక్క 51, 52 అడగండి, ప్లగ్ వదులుగా ఉండదు. 47 ఇస్తే మాత్రం వద్దనండి, ఏసీ నీళ్ళు కారతాయి. నా చార్టు అట్టే తడిసింది.