ముక్కల బఫర్లలో ప్యాకెట్ హెడర్లను దిద్దే సీ ఫంక్షన్లు: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

నెట్‌వర్క్ ప్యాకెట్ హెడర్‌లో (డేటాకు ముందు చిరునామాలు వగైరా ఉండే భాగంలో) రెండు బైట్లు మార్చడం పైకి చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. హెడర్ మొత్తం మెమరీలో ఒకే చోట వరుసగా ఉన్నంతవరకు అది నిజంగానే చిన్న పని. అయితే లైనక్స్ కెర్నెల్‌లోని ఎస్‌కే_బఫ్, బీఎస్‌డీ వ్యవస్థల్లోని ఎంబఫ్ గొలుసు, డీపీడీకే (కెర్నెల్‌ను పక్కనపెట్టి ప్యాకెట్లను వేగంగా నడిపే లైబ్రరీ) లోని ఆర్‌టీఈ_ఎంబఫ్ అనే బఫర్లు మూడూ ప్యాకెట్‌ను ముక్కలుగా దాచుకోగలవు కాబట్టి, ఏ హెడర్ ఏ బైటు దగ్గర తెగి ఉంటుందో మన కోడ్‌కు ముందుగా తెలిసే వీలు లేదు. చిరునామాల మార్పిడికీ, టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక సెగ్మెంటులో పట్టే గరిష్ఠ డేటా పరిమాణం) సవరణకూ ఈ మూడింటి సహాయక ఫంక్షన్లను చాలాకాలంగా వాడుతున్నాను. ఎక్కువగా వాడింది లైనక్స్‌వే కనుక ఈ సమీక్షలోనూ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ప్యాకెట్ లోపలికి పాయింటర్ (మెమరీ చిరునామా) ఇచ్చే ఫంక్షన్ కంటే, ఆఫ్‌సెట్ (మొదలు నుంచి ఎన్ని బైట్ల దూరమో చెప్పే సంఖ్య) తీసుకుని బైట్లను బయటికి కాపీ చేసి, దిద్దిన తర్వాత మళ్లీ లోపలికి కాపీ చేసే ఫంక్షనే నమ్మదగినది.

మొదట లైనక్స్‌లోని పీఎస్‌కేబీ_మే_పుల్ సంగతి. అడిగినన్ని బైట్లు ప్యాకెట్ మొదటి భాగంలో వరుసగా ఉండేలా చూడడం దీని పని. అవి అప్పటికే అక్కడ ఉంటే ఏమీ చేయకుండా నిజం అని చెబుతుంది. లేకపోతే ముక్కల్లోంచి లాక్కొస్తుంది. అలా లాక్కొచ్చే క్రమంలో కొత్త మెమరీ తీసుకోవలసి వస్తే, అంతకుముందు మనం పట్టుకున్న ఐపీ హెడర్ పాయింటర్ పాత మెమరీనే చూపిస్తూ ఉండిపోతుంది. కంపైలర్ హెచ్చరించదు, పరీక్షల్లో వాడే చిన్న ప్యాకెట్లు సాధారణంగా ఒకే ముక్కలో ఉంటాయి కాబట్టి అక్కడా బయటపడదు. పిలుపుకు ముందున్న పాయింటర్లన్నీ చెల్లవన్న నియమం కోడ్ వ్యాఖ్యల్లో ఉంటుంది గానీ ఫంక్షన్ సంతకంలో (పేరు, పరామితులు, తిరిగి ఇచ్చే రకం ప్రకటించే వరుసలో) ఎక్కడా కనిపించదు. ఐపీ హెడర్ పొడవు 20 నుంచి 60 బైట్ల దాకా ఉండవచ్చు కాబట్టి, ముందు 20 బైట్లు లాగి, పొడవు చదివి, ఆ పొడవు మేరకు మళ్లీ లాగడం తప్పదు. అంటే ఒకే హెడర్ కోసం ఈ ప్రమాదాన్ని రెండుసార్లు దాటాలి.

చదవడానికి మాత్రం ఎస్‌కేబీ_హెడర్_పాయింటర్‌కు మించినది లేదు. దానికి ఆఫ్‌సెట్‌నూ, పొడవునూ, మన స్టాక్ (ఫంక్షన్ వాడుకునే తాత్కాలిక మెమరీ) మీది ఒక చిన్న బఫర్‌నూ ఇస్తే, కావలసిన బైట్లు మొదటి భాగంలోనే ఉన్నప్పుడు నేరుగా అక్కడి చిరునామా ఇస్తుంది, లేకపోతే మన బఫర్‌లోకి కాపీ చేసి బఫర్ చిరునామానే తిరిగి ఇస్తుంది, ప్యాకెట్ చాలకపోతే నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది. ప్యాకెట్‌ను కదిలించదు కాబట్టి పాత పాయింటర్లకు హాని లేదు. నా ఫిర్యాదు ఒక్కటే: అది తిరిగి ఇచ్చే పాయింటర్‌కు కాన్స్ట్ (దాని ద్వారా రాయకూడదన్న గుర్తు) లేదు. ఆ పాయింటర్ ద్వారా రాస్తే ఒక ప్యాకెట్‌లో అసలు హెడర్ మారుతుంది, ఇంకో ప్యాకెట్‌లో స్టాక్ మీది కాపీ మారి, ప్యాకెట్ పాత విలువతోనే వెళ్లిపోతుంది. డీపీడీకేలోని ఆర్‌టీఈ_పీకేటీఎంబఫ్_రీడ్ సరిగ్గా ఇదే పని చేస్తూ కాన్స్ట్ పాయింటర్ ఇస్తుంది. ఈ ఒక్క పదం వల్ల పొరపాటు కంపైల్ దశలోనే ఆగిపోతుంది. ఈ విషయంలో డీపీడీకేకే నా ఓటు.

రాయడం దగ్గరికి వచ్చేసరికి రెండో చిక్కు మొదలవుతుంది. వరుసగా ఉన్న మెమరీ అంతా మనం రాయదగిన మెమరీ కాదు. ప్యాకెట్ క్లోన్ అయి (అవే బైట్లను పంచుకునే రెండో ప్రతి తయారై) ఉంటే అవే బైట్లను ఇంకొకరు కూడా చూస్తూ ఉండవచ్చు. ఉదాహరణకు, నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను పట్టి చూపే పరికరం దగ్గర క్లోన్ ఉండగా మనం చిరునామా మార్చేస్తే, అక్కడ అసలు ప్యాకెట్‌కు బదులు దిద్దిన ప్యాకెట్ కనిపిస్తుంది. ఎస్‌కేబీ_ఎన్ష్యూర్_రైటబుల్ ఈ బాధ్యతను చక్కగా తీసుకుంటుంది: లాగడమూ, అవసరమైతే సొంత కాపీ చేసుకోవడమూ రెండూ అందులోనే జరుగుతాయి. కానీ పీఎస్‌కేబీ_మే_పుల్ విజయానికి నిజం ఇస్తే, ఇది విజయానికి సున్నా ఇస్తుంది. ఒకే ఫంక్షన్‌లో పక్కపక్కన పిలిచే ఈ రెండింటికీ వైఫల్యాన్ని పరీక్షించేటప్పుడు ఆశ్చర్యార్థకం (సీలో ‘కాదు’ అనే గుర్తు) ఒకచోట ఉండాలి, ఇంకోచోట ఉండకూడదు. కోడ్ సమీక్షల్లో కన్ను జారిపోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

ముక్కల మీదుగా నేరుగా రాయగల ఎస్‌కేబీ_స్టోర్_బిట్స్ మంచి పనిముట్టే అయినా, అది హద్దులు మాత్రమే చూస్తుంది. క్లోన్ సంగతీ చెక్‌సమ్ (బైట్లు చెడలేదని తేల్చడానికి హెడర్‌లో ఉంచే మొత్తం) సంగతీ మనమే చూసుకోవాలి. బీఎస్‌డీ సంప్రదాయంలోని ఎం_కాపీబ్యాక్ ధోరణి వేరు: ఆఫ్‌సెట్ ప్యాకెట్ చివర దాటితే గొలుసునే పొడిగిస్తుంది. హెడర్ దిద్దే పనికి ఇది ఏమాత్రం తగదు, ఎందుకంటే తప్పు ఆఫ్‌సెట్ ఇచ్చినప్పుడు మనకు కావలసింది వైఫల్యం, పొడవాటి ప్యాకెట్ కాదు. అక్కడే బైట్లను వరుసగా ఉండేలా లాగే ఎం_పులప్ విఫలమైతే గొలుసు మొత్తాన్నీ విడుదల చేసి నల్ ఇస్తుంది. ఈ పద్ధతి కటువుగా తోచినా, ప్యాకెట్ ఇప్పుడు ఎవరిదన్న సందేహం మిగల్చదు కాబట్టి నాకు నచ్చింది.

వీటిపైన నేను వాడుకునే పొరలో చెక్‌సమ్ సవరించేదాన్ని పక్కన పెడితే, చదివేది ఒకటి, రాసేది ఒకటి, రెండే ఫంక్షన్లు ఉన్నాయి. రెండూ విజయానికి సున్నానే ఇస్తాయి, ఫలితాన్ని పట్టించుకోకపోతే కంపైలర్ హెచ్చరించేలా గుర్తు పెట్టి ఉంది. హద్దుల పరీక్షలో ఆఫ్‌సెట్‌నూ పొడవునూ కలిపి ప్యాకెట్ పొడవుతో పోల్చడం ఉండదు. 32 బిట్ల సంఖ్యల్లో 4294967290కి 10 కలిపితే వచ్చేది 4 మాత్రమే. ఎంత చిన్న ప్యాకెట్ అయినా ఆ పరీక్షలో గట్టెక్కుతుంది. అందుకే ముందు ఆఫ్‌సెట్ ప్యాకెట్ పొడవును మించలేదని చూసి, ఆ తర్వాత మిగిలిన పొడవుతో మనకు కావలసిన పొడవును పోల్చాలి. విలువలను మెమ్‌కాపీతోనే (బైట్లను కాపీ చేసే సీ ఫంక్షన్‌తోనే) తీసుకుంటాను. ఈథర్‌నెట్ హెడర్ 14 బైట్లు కావడం వల్ల దాని తర్వాతి ఐపీ హెడర్ నాలుగు బైట్ల సరిహద్దు మీద పడకపోవచ్చు, మెమ్‌కాపీకి ఆ బెంగ లేదు.

అసలు కష్టమంతా చెక్‌సమ్‌లోనే ఉంది. 1994 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1624 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెప్పినట్టు, పాత చెక్‌సమ్ విలోమానికి (బిట్లన్నీ తిప్పిన రూపానికి) పాత విలువ విలోమాన్నీ కొత్త విలువనూ ఒకట్ల పూరక పద్ధతిలో (పై అంచు దాటినదాన్ని మళ్లీ కింద చేరుస్తూ) కలిపి, వచ్చినదాన్ని మళ్లీ విలోమం చేస్తే కొత్త చెక్‌సమ్ వస్తుంది. సూత్రం తేలికే, మినహాయింపులే తేలిక కావు. ఐపీవీ4 మీద యూడీపీ చెక్‌సమ్ సున్నా అంటే పంపినవారు లెక్కించలేదని అర్థం, దాన్ని తాకకూడదు. మన లెక్కలో సున్నా వస్తే అన్నీ ఒకట్లుగా రాయాలి. చెక్‌సమ్ పూర్తి చేసే పని నెట్‌వర్క్ కార్డుకు వదిలిన ప్యాకెట్లలో ఆ గడిలో మిథ్యా హెడర్ (చిరునామాలు, ప్రోటోకాల్, పొడవు కలిపి లెక్క కోసం ఊహించుకునే హెడర్) మొత్తం మాత్రమే ఉంటుంది కాబట్టి, చిరునామా మార్పు అందులో చేరాలి, పోర్టు మార్పు చేరకూడదు. కెర్నెల్‌లోని ఐనెట్_ప్రోటో_సీసమ్_రీప్లేస్4 ఈ తేడాను ఒక పరామితి ద్వారా తీసుకుంటుంది, ఆ పరామితి ఎందుకుందో తెలియకుండా దాన్ని పిలవకూడదు.

ఎంఎస్ఎస్ సవరణలో ఇంకో మెలిక ఉంది. టీసీపీ ఆప్షన్లలో ముందు ఒక నాప్ (చోటు నింపే ఒక బైటు ఆప్షన్) వచ్చిందంటే, ఎంఎస్ఎస్ విలువ టీసీపీ హెడర్ మొదలు నుంచి 23వ ఆఫ్‌సెట్‌లో పడుతుంది. బేసి ఆఫ్‌సెట్‌లో ఉన్న రెండు బైట్లు చెక్‌సమ్ లెక్కలో రెండు వేర్వేరు 16 బిట్ల పదాల్లో సగం సగంగా కూర్చుంటాయి. 1460ని 1452గా మార్చేటప్పుడు పాత, కొత్త విలువల బైట్లను తారుమారు చేయకుండా సూత్రంలో పెడితే చెక్‌సమ్ తప్పుతుంది. అందువల్ల నా పొరలో చెక్‌సమ్ సవరించే ఫంక్షన్ విలువలతో పాటు ఆఫ్‌సెట్‌ను కూడా తప్పనిసరిగా అడుగుతుంది.

వీటన్నిటినీ పరీక్షించడానికి నేను ఆధారపడేది ఒకే పద్ధతి మీద. ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ హెడర్లు కలిపి కనీసం 54 బైట్లు. బైటుకూ బైటుకూ మధ్య 53 చోట్ల కోయవచ్చు. ప్రతి చోటా కోసి, ఒకే ముక్కలో ఉన్న ప్యాకెట్‌ను దిద్దితే వచ్చిన ఫలితంతో బైటు బైటుగా పోల్చాలి. టీసీపీ చెక్‌సమ్ 50, 51 ఆఫ్‌సెట్లలో ఉంటుంది. మొదటి ముక్క 51 బైట్లకు తెగినప్పుడు చెక్‌సమ్‌లో ఒక బైటు ఇటు, ఒక బైటు అటు పడుతుంది. పాయింటర్‌తో రాసే కోడ్ సాధారణంగా అక్కడే చతికిలబడుతుంది. క్లోన్ చేసిన ప్యాకెట్ మీద కూడా ఇదే పరీక్ష నడిపి, క్లోన్‌లో ఒక్క బైటైనా మారలేదని చూడడం అవసరం.

కాపీల వల్ల వేగం తగ్గుతుందన్న అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది. 20 బైట్ల హెడర్ 64 బైట్ల క్యాష్ వరుసలో (ప్రాసెసర్ ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్కలో) మూడో వంతు కూడా కాదు. ఆ వరుసను ఎలాగూ తెచ్చుకోక తప్పనప్పుడు, పక్కన ఒక కాపీ చేసుకోవడం నా పనుల్లో ఎన్నడూ అడ్డంకి కాలేదు. కెర్నెల్ లోపల నడిచే ఈబీపీఎఫ్ ప్రోగ్రాముల్లో ప్యాకెట్‌ను కదిలించగల ఫంక్షన్‌ను పిలిచిన తర్వాత పాత పాయింటర్‌ను వాడితే వెరిఫయర్ (ముందే కోడ్‌ను తనిఖీ చేసే భాగం) ఆ ప్రోగ్రామును లోడ్ కానివ్వదు. మామూలు సీలో ఆ కాపలా లేదు కాబట్టే, నా పొర హెడర్ ఫైలులో ప్యాకెట్ నిర్మాణం పేరు తప్ప దాని లోపలి భాగాలేవీ కనిపించకుండా ఉంచాను. పాయింటర్ తీసుకుందామన్నా తీసుకునే దారి ఉండదు.