ఊలు కోసం పాత స్వెటర్లు కొంటున్నారా? తిరగేసి కుట్టు చూశాకే డబ్బులివ్వండి

అనంతపురంలో అల్లిక పని చేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. చలి తగ్గగానే టవర్ క్లాక్ వైపు తోపుడుబండ్ల మీద పాత స్వెటర్లు కుప్ప పోసి అమ్ముతుంటారు కదా. విప్పి ఊలు తీసుకుందామని వాటిని కొనేముందు కాస్త ఆగండి. పోయిన ఆదివారం నేను తొమ్మిది వందలు పెట్టి ఆరు తెచ్చుకున్నా. పనికొచ్చింది ఒక్కటే.

"అన్నీ చేత్తో అల్లినవే అక్కా, అసలు ఊలు" అన్నాడు బండాయన. జడల డిజైను, మందం చూసి నేనూ నమ్మేశా. కొత్త ఊలు ఉండల ధర తెలిసినదాన్ని, ఆశ పుట్టదా మరి!

ఇంటికొచ్చి మెరూన్ స్వెటర్ పక్క కుట్టు విప్పి, మెడ దగ్గర కొస పట్టి లాగా. బారెడు దారం వచ్చి ఊడి చేతిలో పడింది. మళ్లీ లాగితే మళ్లీ బారెడు. తిరగేసి చూద్దును కదా, లోపలంతా ఓవర్‌లాక్ కుట్టు, మన నైటీలకు ఉన్నట్టే! మిషన్ మీద అల్లిన గుడ్డను కత్తెరతో కోసి కుట్టారన్నమాట. కోసినప్పుడే ప్రతి వరసా రెండు పక్కలా తెగిపోతుంది. ఒక్క స్వెటర్‌లో వందల ముక్కలు, ఎన్నని ముడేస్తాం? నీలం రంగుదీ ఇదే బాపతు. పైగా దాని కొస అంటిస్తే కరిగి గట్టి పూసలా అయింది, అంటే అక్రిలిక్. అసలు ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది.

నిజానికి చేతల్లికా, మిషన్‌దా అన్నది కాదు ముఖ్యం. మిషన్‌దైనా ముందు భాగం, వెనక భాగం, చేతులు కొలతకు విడివిడిగా అల్లి కలిపితే దారం తెగకుండా వస్తుంది. అంచు దగ్గర దారం వెనక్కి మళ్లి పై వరసకు ఎక్కుతూ కనపడాలి. కోసిన అంచు మీద జిగ్‌జాగ్ దారాలుంటే ఎంత చవకైనా వదిలేయండి.

ఇంకో రెండింటికి పురుగు కొట్టింది. వెలుతురుకు పట్టి చూస్తే జల్లెడే. ఐదోదాన్ని ఎవరో వేడినీళ్లలో ఉతికినట్టున్నారు, పోగులన్నీ పెనవేసుకుని బిగిసిపోయాయి. "ఇదేం స్వెటరే, కంబళి అయితేనూ" అని మా అవ్వ ఒకటే నవ్వు.

ఆరోది, బూడిదరంగుది, నిజంగానే ఎవరో చేత్తో అల్లింది. మెడ దగ్గర ముడి విప్పగానే చిటచిటమంటూ వరస తర్వాత వరస జారింది. ఊలంతా నూడుల్స్‌లా మెలికలు. కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరేస్తే చక్కగా సాగింది. కిచెన్ తూకంలో 380 గ్రాములు!

మర్నాడు వెళ్లి అడిగితే బండాయన, "ఏసుకునేదానికి అమ్మినా గానీ ఇప్పుకునేదానికా అక్కా?" అన్నాడు. అదీ నిజమే. మరి చేతల్లిక అని ఎందుకు చెప్పావంటే పక్క బేరం చూసుకున్నాడు. వాపసు లేదు.

పురుగు కొట్టినవి ఇప్పటికే కొనేసి ఉంటే బీరువాలో ఉన్న ఊలుతో కలపకండి. గుడ్లుంటే పిల్లలై ఆ ఊలునూ తినేస్తాయి. నావి రెండూ కవర్లో బిగించి కట్టి బయట పడేశా.